రబ్బరు లేని జీపు

ఆదివారం

ఈ పుస్తకంలో ఇంతవరకూ ఉన్న రాత మా అన్న జోగులుది. జీపు ఎంత తిరిగింది, ఆయిలు ఎప్పుడు మార్చాడు, ఏ బోల్టు బిగించాడు, పదకొండేళ్లుగా ఒక్క వారం కూడా మానకుండా రాశాడు. ఇవాళ రాయలేడు. అందుకని అతని చెల్లెలిని, కొర్రా సింహాచలాన్ని, నేను రాస్తున్నాను.

పొద్దున్న వెనక ఎడం చక్రం విప్పాం. జీపుని జాకీ మీద ఎత్తి, అన్న కిందకి దూరి షాఫ్టు జాయింటుకి గ్రీజు పెడుతున్నాడు. నేను పానాలు అందిస్తున్నాను. జాకీ విరగలేదు, జారలేదు. చప్పుడే లేకుండా కిందకి దిగిపోయింది. అన్న ఒళ్లు ఇవతలికి లాక్కున్నాడు గానీ ఎడం కాలు లాక్కోలేకపోయాడు. బ్రేకు డ్రమ్ము ముంగాలి మీద కూర్చుంది.

ఎప్పుడూ జాకీ పక్కన దుంగ పెట్టుకుంటాం. ఇవాళ "ఐదు నిమిషాల పనే కదే" అన్నాడు. నేనూ ఊరుకున్నాను.

మా తొట్టిగుడలో ఉన్నదే ముప్పై ఒక్కమంది. నా కేకకి నలుగురు ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. దూలం పెట్టి ఎత్తాం. ఎముక రెండు చోట్ల విరిగింది. ఒకచోట బయటికి వచ్చింది. వెదురు బద్దలు కట్టి అరుగు మీద పడుకోబెట్టాం.

సాయంత్రం జాకీ విప్పి చూశాను. లోపల నూనెని ఆపే రబ్బరు చుట్టు లేదు. నల్లటి బంక మిగిలింది. వేలు పెడితే తీగలా సాగింది. మురిగిపోయిన పనసపండు వాసన.

ఆ వాసన నాకు తెలుసు. కింద ఊళ్లలో బస్సులు, కార్లు, కరెంటు తీగలు, నీళ్ల మోటార్లు అన్నీ ఒకే ఏడాదిలో ఆగిపోయినప్పుడు గాలంతా ఇదే వాసన. పాత టైర్ల గుట్టల్ని తినడానికని ఎవరో తయారుచేసిన క్రిమి గుట్టల్ని తిని ఆగలేదు. రబ్బరు ఎక్కడుంటే అక్కడికి పోయింది. మనుషులు దాన్ని బంక అంటారు. మనిషికి ఏమీ చెయ్యదు. బట్టలకి, చేతులకి, జుట్టుకి అంటుకుని వెంట వస్తుంది.

నాలుగేళ్లుగా మా కొండ మీదికి రానివ్వలేదు. ఇప్పుడు వచ్చింది.

సోమవారం

జీపులో ఉన్న ప్రతి రబ్బరు ముక్క మీదా గోరు నొక్కి చూశాను. గోరు దిగితే బంక పట్టినట్టు.

స్టెప్నీకి దిగింది. ముందు కుడి టైరుకి దిగింది. రేడియేటరు కింది గొట్టం మెత్తబడింది. ఫ్యాను బెల్టు గట్టిగానే ఉంది. చక్రాల దగ్గర బ్రేకు నూనెని ఆపే రబ్బరు కప్పులు ఇంకా విప్పలేదు. విప్పాలంటే భయంగా ఉంది.

అరుగు మీద నుంచి అన్న అడిగాడు. "గోరు దిగిందేటే?"

"లేదన్నియ్యా."

"అబద్ధాలాడకు. ఆ వాసన నాకిక్కడికొస్తంది."

తనే గుర్తుచేశాడు. పన్నెండు రోజుల కిందట ఘాటు రోడ్డు తొమ్మిదో వంపు దగ్గర చచ్చిన బస్సు నుంచి మేమిద్దరం ఒక టైరు ఊడదీసుకొచ్చాం. సున్నం నీళ్లతో కడిగాం, మూడు రోజులు ఎండలో పెట్టాం, బాగానే ఉందనుకున్నాం. బంకని ఎవరూ మోసుకురాలేదు. మేమే తెచ్చాం.

మంగళవారం

కాలు నల్లబడుతోంది. విరిగిన చోటు నుంచి మొదలై పాదం దాకా. జ్వరం తగ్గడం లేదు. అన్న నవ్వుతూనే మాట్లాడుతున్నాడు. నేను అటు తిరిగినప్పుడు అరుగు అంచు పట్టుకుంటున్నాడు. వేళ్లు తెల్లబడటం చూశాను.

సర్జను ఉన్నది దిగువపాలెంలో ఒక్కచోటే. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, అందులో పన్నెండు వంపుల ఘాటు. ఆ ఊరివాళ్లు చుట్టూ కంచె కట్టుకుని బంకని లోపలికి రాకుండా కాపాడుకున్నారు. బోర్లు పనిచేస్తున్నాయి. ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టాలు ఉన్నాయి. నాలుగువేల మంది బతుకుతున్నారు.

"జీపు దింపుతాను" అన్నాను.

"ఏ టైర్లతో దింపుతావు? నన్నిక్కడ ఒగ్గీ. జీపు పోతే రెండు గూడేలకి గింజలెవులు మోస్తారు?"

"నువ్వు పోతే జీపుని ఎవులు చూస్తారు?"

అతను నవ్వాడు. జీపు వైపు చూశాడు. చివరికి, "ఆముదం ఎంతుంది ఇంట్లో?" అని అడిగాడు.

బుధవారం

ఈ జీపు నాకంటే పదేళ్లు పెద్దది. తాళం తిప్పితే స్టార్టయ్యేది కాదు, ముందు హ్యాండిలు పెట్టి తిప్పాలి. డీజిలు ఇంజను కాబట్టి కరెంటుతో పనిలేదు. కానుగ నూనె పోస్తే నడుస్తుంది. కింద మాట్లాడే కార్లన్నీ కొయ్యబారిపోయిన రోజుల్లో కూడా ఇది నడిచింది. ఇందులో తీగలు తక్కువ, ఇనుము ఎక్కువ. ఉన్న రబ్బరు కూడా తీసేస్తే బంక తినడానికి ఏమీ మిగలదు, అన్నాడు అన్న.

అతను చెప్పాడు, నేను చేశాను.

బ్రేకు కప్పులు విప్పాను. ఎనిమిదింటిలో ఐదు బంకైపోయాయి. మేకతోలు రాత్రంతా నానబెట్టి, చెక్కలో తొలిచిన గుంటలో నొక్కి కప్పుల్లా ఆరబెట్టాను. బ్రేకు నూనె బదులు ఆముదం. రేడియేటరు గొట్టాల చోట రేకు గొట్టాలు, అతుకుల దగ్గర జనపనార చుట్టి సున్నం బెల్లం కలిపి పూశాను. ఫ్యాను బెల్టుకి తోలు పటకాలు మూడు పొరలు కుట్టాను.

నాలుగు సార్లు కప్పులు కారాయి. ఐదోసారి కారలేదు. పెడలు మీద కాలు పెట్టి ఊపిరి బిగబట్టి వందదాకా లెక్కపెట్టాను. దిగలేదు.

గురువారం

టైర్లు. ట్యూబులతో సహా రబ్బరంతా తీసేసి, చక్రాల ఇనప గాడిలో ఎండుగడ్డి కుక్కి, పైన కిత్తనార మోకు వరస తప్పకుండా చుట్టి, దాని మీద ఇనపతీగతో బిగించాను. నా అరచేతులు పగిలిపోయాయి. జీపుని చూస్తే నవ్వొస్తుంది. కాళ్లకి కట్లు కట్టిన ముసలిదానిలా ఉంది.

అన్న ఇవాళ రెండుసార్లు నన్ను అమ్మా అని పిలిచాడు. మా అమ్మ పోయి ఇరవై ఏళ్లయింది.

రేపు తెల్లారగానే బయల్దేరాలి.

శుక్రవారం

బతికున్నాం. వివరంగా రాస్తాను. రేపటికి నాకు గుర్తుండకపోవచ్చు.

అన్నని వెనక గడ్డి మీద పడుకోబెట్టి తాళ్లతో కట్టాను. మొదటి పన్నెండు కిలోమీటర్లు చదును. మనిషి నడకంత వేగం. ఘాటు మొదట్లో జీపు ఆపి ఫోర్ వీల్ లివరు వేసి, లో గేరులో పెట్టాను.

"కింద దాకా ఇదే గేరు" అన్నాడు అన్న వెనక నుంచి. "క్లచ్చి ముట్టుకున్నావంటే ఇద్దరం పోతాం. ఇంజనే బండిని పట్టుకుంటాది."

ఆరు వంపులు దిగాం. కుడివైపు లోయ. రోడ్డు సగం చోట్ల లేదు, వానకి కోసుకుపోయింది. ఏడో వంపు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు నేలకి తగిలింది. మళ్లీ తొక్కాను. మళ్లీ నేలకే. బానెట్టు కింద నుంచి కాలిన ఆముదం కంపు.

"అన్నియ్యా, బ్రేకు లేదు."

జవాబు రాలేదు. స్పృహ తప్పాడనుకున్నాను. ముందు రోడ్డు వంగిపోయి ఆకాశం కనిపిస్తోంది. జీపు లో గేరులోనే ఏడుస్తున్నట్టు అరుస్తూ దిగుతోంది, మెల్లగానే, కానీ ఆగడం లేదు. ఎడంకాలు క్లచ్చి మీదికి వెళ్లింది. అలవాటు.

"ముట్టుకోకన్నానా!" అన్న గొంతు. "కొండేపు తిప్పు. కాలవలో దింపు."

స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పాను. ఎడమ చక్రాలు కొండ పక్క కాలవలో పడ్డాయి. జీపు పక్కంతా రాతికి రాసుకుంటూ ఏభై గజాలు పోయింది. అద్దం ఊడింది, తలుపు నొక్కుకుపోయింది. ఆగింది.

దిగి రోడ్డు మీద కూర్చున్నాను. తర్వాత సీసాలో మిగిలిన ఆముదం పోసి, కప్పు మార్చి, మిగతా ఐదు వంపులూ ఎడమ చక్రాలు కాలవలోనే పెట్టి దిగాను.

దిగువపాలెం గేటుకి మధ్యాహ్నం చేరాం. గేటుకి ముప్పై గజాల ముందు ఎర్ర గీత. దాని దగ్గరే ఆపాలి. అవతల అడ్డకర్ర, ఒక మంచె. మంచె మీద రేకు గరాటా పట్టుకుని ఒకాయన. పేరు గవర్రాజు అని తర్వాత తెలిసింది.

"బండిలో బంకుందా అమ్మా?" అని గరాటాలో అడిగాడు.

నాలుగు రోజులుగా ఈ ప్రశ్నకే భయపడుతున్నాను. ఉందంటే వెనక్కి పంపుతారు. అన్న పాదం మీద చర్మం ఊడొస్తోంది.

"లేదు" అన్నాను.

ఆయన దుర్భిణితో జీపుని ఆ చివర నుంచి ఈ చివరదాకా చూశాడు. మోకు టైర్లు, రేకు గొట్టాలు, తోలు బెల్టు. "రబ్బరే లేదు కదా ఈ బండికి!" అని నవ్వాడు. "ఎంత తెలివైన పనమ్మా. రబ్బరు లేందే బంకెలాగొస్తాది? రండి, రండి." అడ్డకర్ర ఎత్తడానికి మంచె దిగాడు.

నిజానికి బంక జీపులో ప్రతి అంగుళంలో ఉంది. నా చేతులకి, అన్న కట్టుకి, గడ్డికి. నేను గేరు లివరు ముందుకి వేశాను.

వెనక నుంచి అన్న అరిచాడు. ఆ ఒంట్లో అంత కేక ఎక్కడ దాచుకున్నాడో తెలియదు.

"ఆపండి బాబూ! ఉంది! బంకుంది మా ఒంటినిండా!"

అడ్డకర్ర సగంలో ఆగి కిందకి పడింది. గవర్రాజు పరిగెత్తి మంచె ఎక్కేశాడు.

నేను వెనక్కి తిరిగి అన్నని తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను.

శనివారం

నిన్న జరిగినదే ఇంకా ఉంది.

అన్న కాలి సంగతి గవర్రాజుకి అరిచి చెప్పాను. గంట తర్వాత గేటు నుంచి ఒకావిడ నడిచి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, నూలు చీర, చేతికి గడియారం లేదు, కాళ్లకి చెప్పులు లేవు. చేతిలో స్టీలు పెట్టె. ఎర్ర గీత దాటి వచ్చి, "నా పేరు మెహరున్నీసా. సర్జన్ని. కాలు చూపించండి" అంది.

"మీరు ఇవతలికి వచ్చేశారు" అన్నాను. "మళ్లీ లోపలికి..."

"తెలుసు. నీళ్లు మరిగించు."

జీపు వెనక తలుపు కిందకి దించితే బల్లలా నిలబడుతుంది. దాని మీదే అన్నని పడుకోబెట్టాం. తొడుగుల్లేవు, గొట్టాల్లేవు. గాజు సిరంజి, స్టీలు సూదులు, రంపం. నడుముకి మత్తు సూది ఇచ్చింది. అన్న కళ్లు తెరుచుకునే ఉన్నాడు. నా చేతిని పట్టుకున్నాడు. రంపం చప్పుడు వినకుండా ఉండాలని నన్ను ఏదైనా చెప్పమన్నాడు. ఏం చెప్పాలో తెలియక జీపు గురించి చెప్పాను. ఏ కప్పు కారిందో, మోకు ఎన్ని చుట్లు చుట్టానో.

మోకాలు కింద తీసేశారు. ఇవాళ జ్వరం లేదు.

1వ రోజు

మంచె నుంచి గవర్రాజు నియమాలు చెప్పాడు. జీపులో కాలేవన్నీ కాల్చెయ్యాలి. మా జుట్టు తీసేసుకోవాలి. రోజూ సున్నం నీళ్ల స్నానం, బట్టలు మరగబెట్టడం. మూడు కొత్త రబ్బరు కడియాలు, తెగిపోతే ఉంటాయని ఇంకో రెండు, ఒక డబ్బాలో పెట్టి విసిరాడు. ముగ్గురం మణికట్టుకి కట్టుకున్నాం. ఇరవై ఒక్క రోజులు మూడూ గట్టిగా ఉంటే మాకు గేటు తీస్తారు. ఒక్కటి మెత్తబడినా మళ్లీ మొదటి నుంచి, ముగ్గురికీ.

మోకు, గడ్డి, సీట్లు, తోలు కాల్చాను. నల్లబడిన ఇనుము మిగిలింది. మంట ఆరేదాకా అన్న అటు తిరిగి పడుకున్నాడు.

8వ రోజు

బూడిద, ఇసుక పెట్టి జీపు ఇనుముని తోముతున్నాను. అన్న కూర్చోగలుగుతున్నాడు. కూర్చున్నచోటు నుంచే అక్కడ తోము, ఇక్కడ తోము అంటాడు. చేత్తో వేసే బ్రేకు ఎలా పెట్టాలో నేల మీద పుల్లతో గీశాడు. ఒంటి కాలితో నడిపేలా.

గవర్రాజు రోజూ డాక్టరమ్మతో మాట్లాడతాడు. ఆయన భార్య నూకరత్నానికి పొట్టలో గడ్డ. లోపల ఉన్న ఇంకో డాక్టరు ముసలాయన, చేతులు వణుకుతాయి, కొయ్యలేనన్నాడు. డాక్టరమ్మ లోపలికి వెళ్లగానే ఆపరేషన్. నెలరోజులు దాటితే కష్టమని ఆవిడ నాతో మెల్లగా చెప్పింది. అన్నకోసం గీత దాటినప్పుడు ఆవిడకీ ఈ సంగతి తెలుసు.

19వ రోజు

ఇది రాయకూడదు. రాస్తున్నాను.

మధ్యాహ్నం అన్న నిద్రపోతుంటే చెయ్యి తుడుద్దామని పట్టుకున్నాను. కడియానికి నా గోరు దిగింది.

మళ్లీ చూశాను. మూడోసారి చూశాను. నాది గట్టిగా ఉంది. డాక్టరమ్మది పొద్దున్నే చూశాను, గట్టిగా ఉంది. అన్నది మాత్రమే.

డాక్టరమ్మ అవతల బట్టలు మరగబెడుతోంది. మంచె మీద గవర్రాజు వీపు కనిపిస్తోంది. డబ్బాలోంచి కొత్త కడియం తీశాను. పాతది కోసి పొయ్యిలో వేశాను. కొత్తది కట్టాను. అన్న కదల్లేదు.

ఇంకో రెండు రోజులు. అంతే.

20వ రోజు

రాత్రి కంటి మీద కునుకు లేదు. ఎవరైనా దగ్గినా ఉలిక్కిపడ్డాను.

పొద్దున్నే గవర్రాజు మంచె మీద నుంచి సంతోషంగా కేకేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"అమ్మా, సింహాచలం గారూ! రేపే కదా! ఆపరేషన్ గది కడిగించీసారు. ఆక్సిజన్ గొట్టం కొత్తది తీసి పెట్టారు, ఇన్నాళ్లూ దాచింది. రత్నం రాత్రి అన్నం కూడా తింది."

గొట్టం అన్న మాట దగ్గర నా చెవులు మూసుకుపోయాయి. జాకీ లోపలి నల్లటి తీగ కళ్ల ముందుకొచ్చింది. ఆ గొట్టం నూకరత్నం ముక్కు దగ్గర, పొట్ట తెరిచి ఉండగా, మెత్తబడుతుంది. చప్పుడు కూడా రాదు.

ఎర్ర గీత దాకా నడిచాను.

"గవర్రాజు గారూ. మా అన్న కడియం నిన్న మెత్తబడింది. నేను మార్చేశాను. ఎవరికీ తెలీదు. మార్చింది నేనే."

ఆయన గరాటా దించలేదు. దానిలోంచి ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత మంచె మీద కూలబడ్డాడు. నా వెనక డాక్టరమ్మ వచ్చి నిలబడింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అన్న కర్ర పట్టుకుని లేచి, మొదటిసారి ఒంటికాలి మీద నిలబడ్డాడు. "నాకోసం చేసింది బాబూ" అన్నాడు. "తప్పే. తప్పు కాదననుగానీ నాకోసం చేసింది."

గవర్రాజు మంచె దిగి ఊళ్లోకి వెళ్లిపోయాడు. మనుషుల్ని తెస్తాడు, మమ్మల్ని తరిమేస్తారు అనుకున్నాను. ఎక్కడికి పోవాలో, అన్నని ఎలా మొయ్యాలో ఆలోచిస్తూ ఇనప జీపుకి ఆనుకుని నిలబడ్డాను.

గంట తర్వాత తోపుడుబండి చప్పుడు. గవర్రాజు ఒక్కడే తోసుకొస్తున్నాడు. బండి మీద దుప్పటి కప్పుకుని బక్కపలచటి మనిషి, నూకరత్నం. చెప్పులు గేటు దగ్గర విప్పేశాడు. అడ్డకర్ర తనే ఎత్తాడు, దాటాడు, వెనక దింపాడు. ఎర్ర గీత దగ్గర ఒక్క క్షణం ఆగాడు. బండి చక్రాలకి ఉన్న రబ్బరు పట్టీల్ని చూశాడు. కత్తితో కోసి గేటు వైపు విసిరేశాడు. దాటాడు.

"ఇక్కడే కొయ్యండమ్మా" అన్నాడు డాక్టరమ్మతో. "ఆడికి కోసినట్టే."

డాక్టరమ్మ జీపు వెనక తలుపు వైపు చూసింది. నేను పొయ్యిలో పుల్లలు పేర్చాను. అగ్గిపుల్ల అన్న తీసుకుని గీశాడు.

బల్ల మీదకి ఎత్తేటప్పుడు నూకరత్నం నా మణికట్టు పట్టుకుంది. చల్లటి చెయ్యి. "గాలి గొట్టం లేకుండా బతుకుతానా?" అని అడిగింది.

"తెలీదమ్మా" అన్నాను.

1వ రోజు

నూకరత్నం నిన్న సాయంత్రానికి కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. గడ్డ నిమ్మకాయంత ఉంది. మధ్యలో రెండుసార్లు ఊపిరి ఆగింది. డాక్టరమ్మ నోటితో ఊది నిలబెట్టింది. ఇంకా రోజులు గడవాలంటుంది గానీ ఇవాళ గంజి తాగింది.

గవర్రాజు నాతో ఇంకా మాట్లాడటం లేదు. నేను మరిగించిన నీళ్లు మాత్రం తీసుకుంటున్నాడు.

మంచె మీద కొత్త మనిషి. ఐదు కడియాలు విసిరాడు. అదనంగా ఇస్తానన్నాడు, నేనే వద్దన్నాను. అన్న కడియం డాక్టరమ్మ చూస్తుంది, డాక్టరమ్మది నూకరత్నం. ఎవరి కడియం వాళ్లు చూసుకోకూడదని నేనే అడిగాను.

నాది గవర్రాజు చూస్తాడు. పొద్దున్న మొదటిసారి నా చెయ్యి పట్టుకుని, గోరు గట్టిగా నొక్కి, చాలాసేపు చూశాడు.